ఫ్రెంచి టేపు, రెండో వైపు

మా బావ పోయాడు. అక్క ఫోన్ చేసి, "మీ బావ టీకి లెగట్లేదురా" అంది. టీ చల్లారనిచ్చే మనిషి కాడాయన. చెప్పులు వెతుక్కోకుండానే పరుగెత్తాను. జీవితమంతా చెవులు చిల్లులు పడే సంగీతం విన్నవాడు, చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

రంగూన్‌లో సంచౌంగ్ పేటలో ఆయనకి టేపులు కాపీ చేసే కొట్టుండేది. బర్మా మర్యాద ప్రకారం జనం వయసులో ఆయన్ని 'కో టేపు', అంటే టేపన్న, అన్నారు; జుట్టు నెరిశాక 'ఊ టేపు', అంటే టేపు బాబాయి, అన్నారు. కొట్టు నడిచింది తెలుగు సినిమా పాటలతో. ఆయన బతికింది మాత్రం ఓ ఫ్రెంచి బృందంతో. ఆ రకం సంగీతం మీలో చాలామందికి తెలీదు, అదృష్టవంతులు. గిటార్లు రంపపు మిల్లులా కోస్తుంటాయి, డ్రమ్ములవాడు ఎవరో తరుముతున్నట్టు కొడతాడు, ఇంకొకడు గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అరుస్తాడు.

మొదటి టేపు తెచ్చింది మావాళ్ళలోనే ఓ ఓడ వంటవాడు. ఆ బృందం ముగ్గురు కుర్రాళ్ళతో ఓ కారు షెడ్డులో పుట్టిందట. "ఆళ్ళ దేశంలో ఇది మొదలెట్టింది ఈళ్ళేరా. అందుకే తిట్లూ ఈళ్ళే ముందు తిన్నారు" అనేవాడు బావ, మేనల్లుళ్ళ గురించి చెప్పినట్టు. తర్వాత వాళ్ళు పోట్లాడుకుని విడిపోయారు. ఆ కబురు ఓడెక్కి మాకు చేరిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. అప్పటికే వాళ్ళు మళ్ళీ కలిసిపోయారని ఇంకో రెండేళ్ళకి తెలిసింది. దేశం తలుపులు మూసుకుని కూర్చుంటే ఏడుపు కూడా ఆలస్యంగానే వస్తుంది.

మా కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఓల్టేజీ పడిపోయిన నీరసం కరెంటులో ఎక్కించిన టేపు, మంచి కరెంటులో వేస్తే పరుగెడుతుంది. చాలా ఏళ్ళకి ఇంటర్నెట్ వచ్చి అసలు పాట విన్నప్పుడు బావ కంగారుపడ్డాడు.

"ఏటిరా, ఈళ్ళకి నీరసం వచ్చేసిందేటి?"

"నీరసం వాళ్ళకి కాదు బావా, మన కరెంటుకి."

"అయితే మనయ్యే బాగున్నాయి" అన్నాడు.

ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద జనం రోడ్లమీదికొచ్చినప్పుడు ఖాళీ టేపు దొరికేది కాదు. టేపు పై అంచున ఉండే రెండు కన్నాలు తెరిచుంటే కొత్తది ఎక్కదు; వాటిల్లో కాగితం ఉండలు కుక్కి, పాతదాని మీదే ఎక్కించేవాళ్ళం. ఊరేగింపు తన వీధిలోకొస్తోందని తెలిసి, బావ ఆ ఫ్రెంచి టేపునే తిరగేసి, రెండో వైపు ఎక్కించడానికి బాల్కనీలో పెట్టాడు. బర్మా నినాదాలు హోరెత్తుతున్నాయి. మధ్యలో ఒక్క తెలుగు గొంతు, బావ తమ్ముడిది: "ఒదినా, కూరుంచు! అంతా నీ మొగుడికే ఎట్టేయకు!"

సైన్యం కాల్పులు జరిపింది, ఆ కుర్రాడు తిరిగి రాలేదు. శవం కూడా ఇవ్వలేదు. ఫొటో ఒకటి మిగిలింది, గొంతు టేపులో మిగిలింది. నీరసం కరెంటులో ఎక్కిన గొంతు కదా, పద్నాలుగేళ్ళ పిల్లాడిలా సన్నగా వినిపించేది. ఏటా ఆ రోజు బావా అక్కా తలుపు వేసుకుని వినేవాళ్ళు. రికార్డరు మీద తిరిగే అంకెల్లో ఆ కూర మాట ఏ అంకె దగ్గరొస్తుందో అక్కకి కంఠతా వచ్చు.

రెండువేల ఇరవై ఒకటిలో మళ్ళీ సైన్యం దిగింది. రాత్రి ఎనిమిదికి వీధంతా గిన్నెలు కొట్టేది, చెడుని తరిమే బర్మా ఆచారం. బావ అట్లకాడతో మూకుడు కొడుతూ, "తాళం తప్పుతున్నారర్రా!" అని కిందివాళ్ళని తిట్టేవాడు. తర్వాత సోదాలు మొదలయ్యాయి. పక్క భవనంలో ఒకాయన్ని పట్టుకెళ్ళారు. నేను బావ దగ్గరికెళ్ళాను.

"బావా, ఆ టేపు ఇంట్లో ఉండకూడదు."

"ముప్పై మూడేళ్ళ కిందట అరిసినోళ్ళని ఇప్పుడు పట్టుకుంటారేటి?"

"నిన్ను పట్టుకెళ్తారు. అప్పుడు అక్కకెవరున్నారు?"

ఫోన్లో దాచుకుందామంటే, రోడ్డు మీద సైనికులు ముందు చూసేది ఫోన్లే. బావ టేపుని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇరగ్గొట్టమంటావేటి?"

"ఇలా తే, నేను కొడతాను."

"ఉండెహె. నా తమ్ముడి మీద నువ్వు సుత్తెట్టకు."

కన్నాల్లోని కాగితం ఉండల్ని వేలితో ఒకసారి నొక్కి చూసుకున్నాడు. ఫోన్‌ని రికార్డరుకి తగిలించి, మళ్ళీ కలిశాక ఆ బృందం చేసిన పాటల్ని రెండో వైపు మీదికి ఎక్కించడం మొదలెట్టాడు. టేపు చెరపడం అంటే గబుక్కున తుడిచేయడం కాదు, ఎంత పొడుగుందో అంతసేపూ కూర్చోవాలి. నలభై అయిదు నిమిషాలు ఆయన రికార్డరు మూత మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, జ్వరం చూస్తున్నట్టు. గుమ్మంలో అక్క నిలబడింది.

సైన్యం ఆ వీధిలో చాలా ఇళ్ళు గాలించింది. మా బావ ఇంటికి మాత్రం రాలేదు. ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. బావ దాని గురించి ఎప్పుడూ నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. ఏ జోకేసినా ఈ ఒక్కటి నాకు తేలిక కావడం లేదు.

మొన్న పదకొండో రోజు, భోజనాలయ్యాక, అక్క ఆ టేపు తీసి రెండో వైపు పెట్టింది. ఫ్రెంచివాళ్ళు మొదలెట్టారు. వచ్చిన చుట్టాలు మొహమొహాలు చూసుకున్నారు. అక్క మాత్రం రికార్డరు మీద తిరిగే అంకెల్నే చూస్తూ కూర్చుంది. ఒక అంకె దగ్గర చెయ్యెత్తింది, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు. తల కొంచెం పక్కకి వంచింది. టేపులో ఆ ఫ్రెంచి పెద్దమనుషులు గొంతు చించుకుంటున్నారు, డ్రమ్ములు తరుముతున్నాయి. అక్క చెయ్యి అలాగే గాల్లో ఉంది.