రవెన్నాలో శ్రావణ శుక్రవారం

ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఊరు హెర్న్‌డన్‌లో మెట్రో ఎక్కి డల్లెస్ విమానాశ్రయానికి చేరాను. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బొలోన్యా, అక్కడినుంచి రైల్లో రవెన్నా. ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో, పదిహేను వందల ఏళ్లనాటి చర్చీలు, సమాధులు మిగిలి ఉన్న చిన్న ఊరు అది. ఈ ప్రయాణం నేనూ నా భార్య శారదా కలిసి అనుకున్నది. శారద మాఘమాసంలో పోయింది. ఏడాది తిరగకుండా ఎందుకని హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. టికెట్ బుక్ చేసేశానన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

బుధవారం మధ్యాహ్నం బొలోన్యాలో రైలెక్కాను. గంటకు పైగా పడుతుంది. సీటు నంబర్లు ఉండవు. కాగితం టికెట్ కొన్నవాళ్లు ఎక్కేముందే ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. నా పక్క సీట్లో బ్యాగ్ పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒక తెలుగు కుటుంబం వచ్చింది. శాన్ రామన్‌లో ఉంటారట. భర్త కిరణ్‌ది కరీంనగర్, భార్య లావణ్యది ఏలూరు. ఏడేళ్ల కూతురు సాన్వి.

"ఏడికెల్లి వస్తున్నరు అంకుల్?" అన్నాడు కిరణ్. చెప్పాను.

"ఆంటీ రాలేదా?" అంది లావణ్య, బ్యాగ్ వైపు చూస్తూ.

"ముందే వచ్చేసింది. హోటల్‌లో ఉంది" అన్నాను.

ఆర్నెల్లుగా ఆ ప్రశ్న వేసిన ప్రతి ముఖం నా జవాబుతో మారిపోవడం చూస్తున్నాను. ఒక్క రైలు ప్రయాణమైనా అది చూడకుండా గడుస్తుందనుకున్నాను. ఊళ్లో దిగాక ఎవరి దారి వారిదే కదా. బ్యాగ్ తీసి కింద పెట్టాను. సాన్వి వచ్చి నా పక్కన కూర్చుంది.

హోటల్ స్టేషన్‌కు నడక దూరం. కింద ఉన్న దుకాణంలో పియదీనా తిన్నాను. మన రొట్టెలాంటిదే, మధ్యలో మెత్తని జున్ను, ఆకుకూర పెడతారు. శాకాహారులకు ఇబ్బంది లేదు.

గురువారం ఉదయం సాన్ విటాలే చర్చికి వెళ్లాను. నాలుగైదు కట్టడాలకు కలిపి ఒకటే టికెట్ ఇస్తారు. పక్కనే ఉన్న, గాల్లా ప్లాచీదియా అనే రోమన్ రాణి సమాధికి మాత్రం సమయం ముందుగా బుక్ చేసుకోవాలి. లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. బయట వట్టి ఇటుక గోడ. లోపల కప్పంతా ముదురు నీలం, అందులో బంగారు చుక్కలు. కిటికీలకు గాజు బదులు పలుచని రాతి పలకలు ఉన్నాయి. వాటిగుండా వచ్చే వెలుతురు తేనె రంగులో ఉంటుంది. రాణి సమాధి అని పేరే గాని, ఆమెను ఇక్కడ పెట్టలేదనే చాలామంది అంటారు. అలంకారాన్ని నేను తేలిగ్గా నమ్మను. ఇక్కడ మాత్రం తల దించబుద్ధి కాలేదు.

బయటికి వస్తే నీడలో ఆ ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"ఆంటీని రూమ్‌ల బంద్ చేసిండ్రా అంకుల్? ఒక్కసారన్న బయటికి తీస్కరండి" అన్నాడు కిరణ్.

"ఎండకి తలనొప్పి" అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

లావణ్య సంచీలోంచి డబ్బా తీసింది. "పులిహోర అంకుల్, మేం దిగిన ఇంట్లో వండాను. ఆంటీకి ఇవ్వండి, నోటికి కాస్త బాగుంటుంది." గదికి వెళ్లి మూత తీశాను. రెండు స్పూన్లు పెట్టింది. ఒకదానితో మొత్తం తిన్నాను. రెండోదాన్ని కూడా కడిగి, తుడిచి డబ్బాలో పెట్టాను.

శుక్రవారం సాంతపొల్లినారె నువోవో చర్చిలో మళ్లీ కలిశారు. పొడవాటి హాలు, రెండు వైపులా స్తంభాలు, వాటి పైన గోడ నిండా రంగురాళ్లతో కూర్చిన బొమ్మలు. కుడి గోడ మీద ఒక రాజభవనం ఉంది. ఒకప్పుడు దాని స్తంభాల మధ్య రాజూ, పరివారమూ నిలబడి ఉండేవారట. ఆయన పోయాక వచ్చినవాళ్లు ఆ మనుషులను తీసేసి, అక్కడ తెల్లటి తెరలు కూర్చారు.

"మనుషులను తీసేసిండ్రు గని చేతులు మర్చిపోయిండ్రు. చూడుండ్రి" అన్నాడు కిరణ్.

నిజమే. స్తంభాల మీద అక్కడక్కడ ఒక చెయ్యి, మణికట్టు. వెనక మనిషి లేడు, తెర ఉంది.

అప్పుడే లావణ్య నా దగ్గరికి వచ్చింది. "అంకుల్, ఇవాళ శ్రావణ శుక్రవారం. పొద్దున్నే కాఫీ మగ్గులో కలశం పెట్టి పూజ చేశాను. ఒక్క ముత్తైదువకైనా వాయనం ఇవ్వందే నాకు పూర్తయినట్టుండదు. ఈ ఊళ్లో ఆంటీ ఉండటం నా అదృష్టం. సాయంత్రం ఐదింటికి మీ హోటల్‌కి వస్తాం."

చెప్పాల్సింది అక్కడే. గోడ మీది ఆ చేతుల వైపు చూస్తూ "సరేనమ్మా" అని హోటల్ పేరు చెప్పాను.

హోటల్ ఖాళీ చేసి వెళ్లిపోదామా అని కూడా ఆలోచించాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది. ఐదింటికి కింద హాల్లో కూర్చున్నాను. లావణ్య పట్టుచీర కట్టుకుని వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, జాకెట్ ముక్క, అరటిపళ్లు. ఇక్కడి దుకాణంలో దొరికిన శనగలు కూడా నానబెట్టి తెచ్చింది.

"ఆంటీ పైనే ఉన్నారా?"

"లేదమ్మా. ఆమె మాఘమాసంలో చనిపోయింది. మీతో అబద్ధం చెప్పాను."

కిరణ్ నేల చూపులు చూశాడు. సాన్వి నన్నే చూసింది.

"then పులిహోర ఎవరు తిన్నారు, అంకుల్?"

"నేనే."

"నిన్ననే చెప్పుంటే ఎంత బాగుండేది అంకుల్" అంది లావణ్య. గొంతు పెంచలేదు. "వాయనం ఇచ్చాకే తిందామని పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"మీ అమ్మకి వీడియో కాల్ చేద్దాం" అన్నాడు కిరణ్.

"వీడియోలో బొట్టెలా పెడతాను?" అంది లావణ్య.

లావణ్య పళ్లెం బల్ల మీద పెట్టి, శనగలను కాగితంలోకి వంచి నాకిచ్చింది. "ఇవి మీరు తీసుకోండి. మిగతావి..." అని ఆగి, కుంకుమ పొట్లం కట్టి సంచీలో వేసుకుంది. కడిగిన డబ్బా తిరిగి ఇచ్చాను. ఆమె ఆ రాత్రి భోంచేసిందో లేదో నాకు తెలియదు.

ఆదివారం తిరుగు ప్రయాణం. రవెన్నా వెళ్లేవారు రెండు పూర్తి రోజులైనా పెట్టుకోవాలి. బంగారం చూసి కళ్లు అలిసిపోయాక ఆ రాజభవనం బొమ్మ దగ్గరికి వెళ్లి, స్తంభాలను ఒక్కొక్కటిగా చూడండి. ఆ ఊరి నుంచి నాకు గుర్తుండిపోయేది అదే, ఆ పళ్లెంతో పాటు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కితే మధ్య సీటు ఖాళీగా ఉంది. దానికి అవతల, మా ఊరి పక్కనే షాంటిలీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్న ఒక పెద్దావిడ. చేతిలో తెలుగు వారపత్రిక చూసి పలకరించాను.

"ఇది మీ ఆవిడ సీటా బాబూ?" అని అడిగింది.

"కాదండీ. మా ఆవిడ మాఘమాసంలో పోయింది."

ఆవిడ ముఖం మారింది. ఈసారి నేను తల తిప్పుకోలేదు.

"అయ్యో" అంది. పత్రిక మడిచి, "అయితే నా సంచీ ఇక్కడ పెట్టుకోనా? కాళ్ల దగ్గర ఇరుగ్గా ఉంది" అంది.

"పెట్టుకోండి" అన్నాను.