కుక్క గొలుసు పట్టుకున్న మనిషి

మా వెర్లీన్ పిన్నికి బడి బస్సు నడపడం ఉద్యోగం, పిల్లలకు కథలు చదవడం వ్యసనం. అలబామాలోని మా హార్లో క్రీక్‌లో ఆమె బస్సెక్కని పిల్లలు తక్కువ. రిటైరయ్యాక ఆ పిల్లలకు పుట్టిన పిల్లల్ని శనివారం శనివారం లైబ్రరీలో చుట్టూ కూర్చోబెట్టుకునేది. నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు, అందరూ ఒకే తివాచీ మీద.

పిన్ని చిన్నప్పుడు, మా నల్లవాళ్ళు ఓటు హక్కు కోసం ఊరేగితే, వాళ్ళక్క చెయ్యి పట్టుకుని తనూ నడిచింది. ఆ అక్కే మా అమ్మ. పోలీసులు కుక్కల్ని వదిలారు. అమ్మ పిక్క మీద మచ్చ నేను ఎరుగుదును గానీ, ఆ సంగతి అక్కచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో ఎత్తేవారు కాదు.

అమ్మ చనిపోయిన ఏడాదే మా చర్చివాళ్ళు ఆ ఊరేగింపు మీద పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వేయించారు. పాత పత్రికల్లోని ఫొటోలు చూసి బొమ్మలు గీయించారు. పిన్ని చదవడానికి ఒప్పుకుంది.  ఆ శనివారం నేనే కారులో లైబ్రరీకి తీసుకెళ్ళాను.

కుక్కల పేజీ తిప్పగానే టెస్సా అనే తెల్ల పిల్ల లేచి, గొలుసు పట్టుకున్న పోలీసు బొమ్మ మీద వేలు పెట్టింది. ఏడేళ్ళుంటాయేమో.

"అది మా తాతయ్య!"

"పోవే, కోతలు!" అన్నాడు పక్కనున్న పిల్లాడు.

"ఒట్టు! ఆ చెవి చూడు, చివర తెగి ఉంది. మా తాతయ్యదీ అంతే."

"అయితే మీ తాతయ్య చెడ్డోడా?"

 పిల్లలంతా పిన్ని వంక చూశారు. 

"ఆ రోజు చేసింది మాత్రం చెడ్డ పనే," అంది పిన్ని. "నువ్వేం తప్పు చేయలేదు బంగారం. ఇలా రా, నా పక్కన కూర్చో."

పై శనివారం ఆ తాతే వచ్చాడు. డోయల్ స్టాన్సిల్. చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పిల్లలు ఇంకా సర్దుకుంటున్నారు. లైబ్రరీ చూసే పర్విస్ అనే ఆవిడ ముఖం పాలిపోయింది. "ఈ వారానికి మానేద్దామా?" అని నా చెవిలో గొణిగింది.

ఆయన నేరుగా పిన్ని దగ్గరికి వచ్చాడు. "ఆ పేజీ చింపెయ్, వెర్లీన్."

"మిస్ వెర్లీన్ అనాలి. మీ మనవరాలు అలాగే అంటుంది."

ఆయన దవడ బిగిసింది. "అది వారం నుంచి నా దగ్గరికి రావడం లేదు."

"మా అక్క ఆ ఎండాకాలమంతా మంచం దిగలేదు."

"పైవాళ్ళు వదలమన్నారు, వదిలాను. నా ఉద్యోగం అది!"

"నాకెందుకు చెబుతారు? అడుగుతున్నది ఆ పిల్ల. దానికి చెప్పుకోండి."

కర్ర మీద ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. కొడతాడేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. పిన్ని కంటితోనే ఆపింది. ఆయన వెనక్కి వెళ్ళి గోడవార కుర్చీలో కూలబడ్డాడు.

పిన్ని అదే పుస్తకం తీసింది.  కుక్కల పేజీ వచ్చినా దాటెయ్యలేదు.

"ఆ కుక్క కరిచిందా, మిస్ వెర్లీన్?" అని ఎవరో అడిగారు.

"కరిచింది. మా అక్కని. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది."

టెస్సా వెనక్కి తిరిగింది. "తాతయ్యా, నువ్వే వదిలావా?"



"వదిలాను," అన్నాడాయన.

"ఎందుకు?"

  ఆయన లేచి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. టెస్సా ఏడ్చింది గానీ, ఆయన వెనక పోలేదు.

ఆయన కొడుకు, అంటే టెస్సా నాన్న, ఊరుకోలేదు. పిల్లల్ని బెదరగొడుతున్నారని ఫిర్యాదు పెట్టాడు. లైబ్రరీ కమిటీ పుస్తకాన్ని పారెయ్యలేదు గానీ, పిల్లల చేతికందకుండా బల్ల వెనక పెట్టించింది. పిన్ని శనివారాలు రద్దయ్యాయి. ఆమె అదే పుస్తకం సొంత ప్రతి సంచిలో వేసుకుని మా చర్చి కింది గదిలో చదవడం మొదలెట్టింది. పిల్లలు సగానికి సగం తగ్గారు. టెస్సాను మాత్రం వాళ్ళమ్మ తెచ్చేది. మొగుడి కంట పడకుండా కారు చర్చి వెనక ఆపేది.

ఆ చలికాలంలోనే డోయల్ స్టాన్సిల్ పోయాడు. పిన్ని అంత్యక్రియలకు వెళ్ళలేదు.

"ఆయన్ని క్షమించావా పిన్నీ?" అని ఒక శనివారం చర్చి మెట్ల దగ్గర అడిగాను.

"కరిచింది మీ అమ్మని. క్షమించాల్సింది ఆవిడ. ఆవిడే లేదు, ఇక నేనెవర్తిని?" అంది. "కానీ ఆయన పిల్లల ముందు అబద్ధమాడలేదు. ఎవరైనా అడిగితే ఆ మాట మాత్రం చెబుతాను," అంటూ పుస్తకం సంచి భుజానికి తగిలించుకుంది. కింది గదిలో పిల్లలు అప్పుడే గోల మొదలెట్టారు.