ఇసుకలో దిగబడ్డ బండి ముచ్చట

ఆదివారం పొద్దున మా ముగ్గురికీ ఒకటే పని. సుల్తానాబాద్ రోడ్డు మీద పంక్చర్ షాపు పక్కనున్న చాయ్ హోటల్లో కూర్చుని, ఎప్పుడో అమ్మేసిన బండ్ల గురించి గొప్పలు చెప్పుకోవడం. రావడం మాత్రం ఒకడు బస్సులో వస్తాడు, ఒకడు కొడుకు కొనిచ్చిన బండి మీద స్పీడ్ బ్రేకర్ కనబడితే దేవుణ్ణి తలుచుకుంటూ వస్తాడు, నేను మా ఆవిడ స్కూటీ మీద వస్తాను. నడుములు పట్టేసిన ముగ్గురు మగవాళ్ళు అడవుల్లో బండ్లు ఎగరేసిన కథలు చెప్పుకుంటుంటే చాయ్ పోసే ఆవిడ నవ్వాపుకోలేక పక్కకు తిరుగుతుంది. నవ్వనీ. మేము ఎగరేసిన మాట నిజం.

వాటిని డర్ట్ బైకులు అంటారని అప్పట్లో మాకు తెలియదు. మట్టి బండ్లు అనేవాళ్ళం. పాత సామాన్ల కింద తూకానికి పోవాల్సిన టూ స్ట్రోక్ బండ్లు పట్టుకొచ్చి, ముందు మడ్‌గార్డు ఎత్తి కట్టి, సైలెన్సర్‌ను వెల్డింగ్ పెట్టించి పైకి తిప్పి, ట్రాక్టరు టైర్లకున్నట్టు గట్లు లేచిన టైర్లు వేయించేవాళ్ళం. సైలెన్సర్ లోపలి జాలీ పీకేస్తే ఆ బండి పలికే తీరే వేరు. ఊరవతల కిక్కు కొడితే ఇంట్లో ఉన్న మా బాపు కట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాల్సిందే. మా దోస్తానం మొదటినుంచీ అరుపుల మీదే నడిచింది.

వానలు మొదలైతే ఆదిలాబాద్ దారి పట్టేవాళ్ళం. ఉట్నూరు అవతల నల్లరేగడి మట్టి టైరుకు చుట్టుకుంటే చక్రం తిరగదు. రోడ్డు పక్కన కూర్చుని పుల్లలతో గోకుతూ ఉండాలి. ఒకసారి ఎడ్లబండి మీద పోతున్న ముసలాయన ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "కాయ్ రే, గీ బండి మిమ్ముల మోస్తదా, మీరే దీన్ని మోస్తరా?" అని అడిగాడు. మేము పుల్లలతో గోకుతూనే ఉన్నాం. ఆయన ఎడ్లు మాత్రం ఆ బురదలోనే నింపాదిగా నడిచిపోయాయి.

ఆ ముగ్గురిలో ఒకడిని నేను. రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ను, నోరు కొంచెం దురుసు. రెండోవాడు కరీంనగర్ శివార్లలో మరమగ్గాలు నడుపుతాడు. మా దగ్గర వాటిని సాంచాలు అంటారు కాబట్టి వాడు సాంచాల దోస్తు. మూడోవాడు లక్సెట్టిపేట మనిషి, సగం వయసు గల్ఫ్‌లో క్రేన్ నడిపి వచ్చి, ఇప్పుడు పెద్దపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. వాడు దుబాయ్ దోస్తు.

మా ముచ్చట్లలో అన్నిటికన్నా పెద్దది గోదావరి ఇసుక ముచ్చట. ఒక ఎండాకాలం లక్సెట్టిపేట దగ్గర, ఇసుక మీదుగా నీళ్ళ దాకా ఎక్కడా ఆగకుండా పోతానని దుబాయ్ దోస్తు పందెం కాశాడు. సగం దూరం కూడా పోకుండానే బండి వెనక చక్రం దిగబడింది. వీడు ఇంకా రేజ్ చేశాడు, అది ఇంకా దిగింది. సీటు ఒక్కటే పైన మిగిలేసరికి కిందికి దిగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "బావ బండి రా!" అని ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు తెలిసింది మాకు, అది వాళ్ళ బావకు చెప్పకుండా ఎత్తుకొచ్చిన బండి అని. పొద్దుగూకేదాకా చేతులతో ఇసుక తోడాం.

ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్క లేదు. చెప్పేవాడు నెత్తిన చేతులు పెట్టుకోగానే సాంచాల దోస్తు తొడ చరిచి "బావ బండి రా!" అని అరవాలి, ముగ్గురం నవ్వాలి. అది మా ఆనవాయితీ.

కొన్నేళ్ళుగా సాంచాల దోస్తుకు ఈ బండ్ల పిచ్చి మరీ ముదిరినట్టు అనిపించేది. మేము పిల్లల ఉద్యోగాల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో, వడ్లలో తేమ గురించో మాట్లాడుతుంటే మధ్యలో దూరి, "అది సరే గని, గోదావరి ఇసుక యాదికున్నదా?" అనేవాడు. "ఎప్పుడూ గదే ముచ్చటనారా, ఇంకోటి లేదా?" అని నేను కసిరేవాణ్ణి. వాడు నవ్వి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. వయసు మీద పడుతుంటే కొందరు వెనక్కే పోతారు, వీడు అలా పోతున్నాడనుకున్నాను. బతుకు ముందు ఇన్ని చిక్కులు పెడుతుంటే ఎప్పటిదో ఇసుకను ఇంకా తోడుతున్నాడేమిటని విసుగ్గా కూడా ఉండేది.

ఒక ఆదివారం దుబాయ్ దోస్తు ఆలస్యంగా వచ్చాడు. చాయ్ ముట్టుకోలేదు. మాకెదురుగా కూర్చుని, తల వంచుకుని, గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

"మా ఇంటామె రిపోర్టు వచ్చింది రా. రొమ్ముల గడ్డ మంచిది కాదట. హైదరాబాద్ తీస్కపొమ్మంటున్నరు. పొద్దటి సంది ఏం సమజైతలేదు నాకు."

అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

సాంచాల దోస్తు తొడ చరిచాడు. "బావ బండి రా!" అని హోటలంతా వినబడేలా అరిచి, విరగబడి నవ్వాడు.

నాకు కాసేపు ఏం జరిగిందో అర్థం కాలేదు. చాయ్ పోసే ఆవిడ కూడా చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది. దుబాయ్ దోస్తు తలెత్తి వాడిని చూశాడు. ఆ చూపులో మొదట కోపం కూడా లేదు, తోవ తప్పినవాడి చూపు అది. తర్వాత లేచాడు.

"నవ్వు రా. మంచిగ నవ్వు," అన్నాడు. బండి తీసి వెళ్ళిపోయాడు.

సాంచాల దోస్తు నవ్వు మెల్లగా ఆగిపోయింది. నా వైపు చూసి, "వాడేంది, చాయ్ తాగకుండనే పోయిండు?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సు దాకా వాడి పక్కనే నడుస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, నేను ముందుకు చూస్తూ అంటూనే ఉన్నాను, మనసనేది ఉందా నీకు, సిగ్గుందా అని. వాడు "ఆఁ, ఆఁ" అంటూ వచ్చాడు. బస్సెక్కి, నాకు చెయ్యూపి నవ్వాడు. ఇంత మొండి మనిషితో ఇన్నేళ్ళు ఎలా తిరిగానా అనుకున్నాను.

తర్వాతి ఆదివారం దుబాయ్ దోస్తు రాలేదు. ఫోన్ చేస్తే, "వాడుంటే నేను రాను. నువ్వు గూడ నడుమల పడకు," అని పెట్టేశాడు. తీసుకెళ్ళాల్సిన ఆసుపత్రులు, చేయించాల్సిన పరీక్షలు, ఆ పరేషాన్ చాలదన్నట్టు ఈ నవ్వు కూడా వాడి గుండెలో ముల్లులా దిగబడి ఉంది. నాకు ఇద్దరి మీదా కోపమే వచ్చింది, ఎక్కువ మాత్రం నవ్వినవాడి మీద. వాడితో మొహమాటం లేకుండా తేల్చుకోవాలని ఒక రోజు మిల్లుకు సెలవు పెట్టి కరీంనగర్ పోయాను.

ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు నడుస్తున్నాయి. గుమ్మంలో నిలబడితేనే పళ్ళు కదిలేంత చప్పుడు. వాడు అటు తిరిగి తెగిన పోగు ముడి వేస్తున్నాడు. పిలిచాను. వినబడలేదు, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదు. ఇంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగి, షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు కూడా స్పష్టంగా వినబడుతోంది. నేను మళ్ళీ పిలిచాను. వాడు తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. పోగు ముడి వేస్తూనే ఉన్నాడు.

వెనక నుంచి వాడి భార్య వచ్చింది. "గట్ల పిలిస్తే ఇనవడదన్నా. ముందటికి పోయి నిలవడు," అంది, చాలా మామూలుగా.

"ఎప్పటి సంది చెల్లె?"

"మస్తు ఏండ్లాయె. మీకు తెల్వదా?" ఆమె నా మొహం చూసి ఆశ్చర్యపోయింది. "ఐతారం ఐతారం మీతోనే కూసుంటడు గద?"

ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. వాడి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూడగానే మొహం వెలిగింది వాడికి. నేను చెవి వైపు వేలు చూపించాను. ఆ వెలుగు పోయింది. నన్ను బయట మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"సాంచాల కాడ పుట్టి పెరిగినోనికి ఇది రానే వస్తది రా," అన్నాడు. "చెవి మిషిన్ తెచ్చుకున్న. పెట్టుకుంటే సాంచాల సప్పుడు ఇంక పెద్దగ ఇనవడ్డది గని మనిషి మాట ఇనవడలే. తీసి పెట్టెల వెట్టిన."

"మాకు చెప్పకపోతివి?" అన్నాను, నోరు బాగా తెరిచి, మెల్లగా.

"మా బాపును చూసిన గద. ఆయనకు గూడ గిట్లనే అయింది. ఇంట్ల అందరం సైగలు నేర్చుకున్నం. తిన్నవా, పండుకో, గోలీ ఏస్కో. గంతే. ఇగ ఒక్కలు గూడ ఆయనతోని ముచ్చట పెట్టలే. మంచి మాటకారి రా మా బాపు. ఆఖరికి నోరు తెరుసుడే మానేసిండు." వాడు చేతులకు అంటిన నూలు నలకలు తీసుకుంటూ ఉండిపోయాడు. "మీకు తెలిస్తే మీరు గూడ సైగలే చేస్తరనుకున్న. బండ్ల ముచ్చటైతే నాకు ఫికర్ లేదు. ఎవడు యాడ ఏమంటడో, యాడ నవ్వాల్నో, అంత ఎరుకే. కొత్త ముచ్చట్లే అందుతలేవు. గందుకే మిమ్ముల మళ్ళ మళ్ళ ఇసుకల్లకు గుంజుకొస్తుంటి."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. వాడికి పాత రోజుల పిచ్చి పట్టిందనుకున్నాను నేను. వాడు మాత్రం ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి, తనకు తెలిసిన ఆ ఒక్క ముచ్చటను పట్టుకుని మా మధ్య కూర్చుంటున్నాడు. ఆ ముచ్చట అయిపోతే మాకు మాట మారుతుంది, వాడికి మాత్రం మేమే దూరమవుతాం.

"వాడు ఎందుకు రాడు రా ఇప్పుడు?" అని అడిగాడు. "నేనేమన్న అన్ననా?"

"నువ్వనలే. వానింట్ల కష్టమొచ్చింది."

వాడి మొహం పాలిపోయింది. "ఏమైంది వానికి?"

ఆ సంగతి చెప్పాల్సింది నేను కాదనిపించింది. వాణ్ణే తీసుకొస్తానన్నాను.

పెద్దపల్లి పోయి దుబాయ్ దోస్తుకు అంతా చెప్పాను. వాడు మొదట నమ్మలేదు. "చెవిటోడైతే ఇన్నేండ్లు మనకు తెల్వకుంటదా?" అన్నాడు. ఆ హోటల్లో కూర్చున్న ఆదివారాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేశాను. నెత్తిన చేతులు పెట్టుకున్నది గుర్తు చేశాను. వాడు తన రెండు చేతులూ చూసుకున్నాడు. లోపలి గదిలో పడుకుని ఉన్న వాళ్ళావిడ అంతా విన్నట్టుంది, గుమ్మం దాకా వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

"నా పేరు మీద మీ దోస్తానం ఖరాబ్ చేసుకోకుండ్రి," అంది భర్తతో. "పోయి చెప్పి రా. తీరుగ కూసోని చెప్పు."

మేము పోయేసరికి సాంచాలు నడుస్తున్నాయి. గుమ్మంలో దుబాయ్ దోస్తును చూడగానే వాడు గబగబా పోయి ఒక్కొక్క సాంచా ఆపేశాడు. పని మధ్యలో సాంచాలు ఆపడం వాడి దగ్గర నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నారు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను.

దుబాయ్ దోస్తు అలవాటుగా తల వంచుకుని మొదలుపెట్టాడు. సాంచాల దోస్తు వేలు వాడి గడ్డం కింద పెట్టి మెల్లగా తల ఎత్తాడు.

"నా దిక్కు చూసుకుంట చెప్పు రా."

వాడు చెప్పాడు. భార్యకు వచ్చిన జబ్బు పేరు చెప్పాడు, డాక్టర్లు ఏమన్నారో చెప్పాడు, పిల్లలకు ఇంకా తెలియదని చెప్పాడు, రాత్రుళ్ళు ఆమె నిద్రపోతున్నట్టు నటిస్తుందని, తనూ నటిస్తున్నాడని చెప్పాడు. సాంచాల దోస్తు వాడి నోటినే చూస్తూ, ఒక్కో మాటను తన పెదాల మీద పలుక్కుంటూ విన్నాడు. అర్థం కాని చోట చెయ్యెత్తి ఆపాడు, వాడు మళ్ళీ చెప్పాడు. అంత శ్రద్ధగా ఒక మనిషి ఇంకో మనిషిని వినడం నేను చూసి చాలా కాలమైంది. నేను చెవులున్నవాణ్ణే, ఆ రోజు హోటల్లో అన్నీ విన్నవాణ్ణే, కానీ రాత్రుళ్ళు వాళ్ళిద్దరూ ఎలా గడుపుతున్నారో అడగాలని నాకు తోచలేదు.

చెప్పడం అయిపోయింది. సాంచాల దోస్తు వాడి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంత కష్టం పెట్టుకోని నాకెందుకు చెప్పలే రా?" అన్నాడు. "నేను పరాయోన్నా నీకు?"

ఆ రోజు హోటల్లోనే చెప్పాడని అనబోయి నేను నోరు తెరిచాను. దుబాయ్ దోస్తు వాడి మొహం మీంచి చూపు తిప్పకుండానే, నా మోకాలు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

"తప్పయింది రా," అన్నాడు వాడితో, ఒక్కో మాట విడివిడిగా పలుకుతూ. "ఇగ ఏదున్నా ముందుగాల నీకే చెప్త."