నానాల్సిన అరగంట

చర్ర్‌మని ఏదో చిరుగుతున్న శబ్దం. కాసేపు ఆగి, మళ్ళీ చర్ర్. గుడ్డ అయితే ఇంకా మెత్తగా చిరుగుతుంది, కాగితం అయితే ఇంకా పొడిగా. ఇది రెండూ కాదు. వెలుతురుకు చప్పుడు ఉంటే ఇలా ఉంటుందేమో అనిపించింది. పుంగనూరు బజారు వెనక సందులో, ఒక పచ్చ తలుపు ముందు నిలబడి నేనూ మా అక్క కూతురు సుప్రియా ఆ శబ్దం వింటున్నాం. అది ఆగిపోయాక తలుపు తెరుచుకుంది.

మాలతి చేతిలో వంటింటి ఫాయిల్ ముక్కలు పది ఉన్నాయి. నలభై దాటిన మనిషి. ఒకే రంగు చీర, చేతికి ఒక్కొక్క గాజు, గోళ్ళకు ఏ రంగూ లేదు. వస్తాండామని ఫోన్ చేసినారు కదా, అందుకే ముక్కలు చించి పెట్టుకుంటాండా అంది. మమ్మల్ని చూడకముందే సుప్రియ చేతుల్ని చూసింది.

సుప్రియ మదనపల్లెలో నర్సింగు చదువుతోంది. వాళ్ళన్న గౌతమ్ పెళ్ళికి బెంగళూరులో అక్రిలిక్ గోళ్ళు పెట్టించుకుంది. సోమవారం నుంచి వార్డులో డ్యూటీ, అక్కడ గోళ్ళు పెంచుకోనివ్వరు. ముందురోజు సాయంత్రం ఎడమ బొటనవేలి గోరు అంచును పళ్ళతో ఎత్తబోయింది. ఎత్తినచోట అసలు గోరు మీద తెల్లటి మచ్చ పడింది. మాలతి ఆ మచ్చ దగ్గర ఆగి, దాన్ని తాకకుండా చాలాసేపు చూసింది.

"ఇంతటితో ఆపినావు, మంచిదయింది పాపా," అంది.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పి, గ్యాసు కట్టేసి వచ్చింది. దేవుడి దగ్గర దీపం కొండెక్కిందో లేదో కూడా చూసింది. రెండు కిటికీలూ తెరిచింది. అతికించిన గోళ్ళను కరిగించే అసిటోన్‌కు మంట పొడ గిట్టదని, ఆవిరికే అంటుకుంటుందని చెప్పింది. మందుల అంగట్లో దొరికే ఆ సీసాను ఇంకా మూత తీయకుండానే దూరంగా పెట్టింది. ఈ పనికి తన దగ్గరికి రానక్కర్లేదట, ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చట. కాబట్టి కుడిచెయ్యి తను చేస్తుంది, ఎడమచెయ్యి సుప్రియే చేసుకోవాలి.

పొడుగ్గా ఉన్న భాగాన్ని మొదట కత్తిరించింది. పైన మెరుపు పోయేదాకా ఆకురాయితో నెమ్మదిగా రుద్దింది. తెల్లటి పొడి ఆమె ఒడిలో రాలింది, ముగ్గు జల్లెడ పట్టినట్టు. గోరు చుట్టూ చర్మానికి వాసెలిన్ పూసింది. అసిటోన్‌లో ముంచిన దూదిని గోటి మీద పెట్టి, ఫాయిల్ ముక్కతో వేలిని చుట్టింది. ఎడమచేతికి సుప్రియ అలాగే చేసుకుంది. ఒక్కొక్క వేలూ వెండి టోపీ పెట్టుకుంది. సుప్రియ నవ్వి ఫోటో తీయమంది. మాలతి కూడా నవ్వింది గానీ ఆ నవ్వు తొందరగా వెళ్ళిపోయింది.

ఇక అరగంట కూర్చోవాలి. ఆ అరగంటలో, కిటికీలోంచి వచ్చే గాలికి ఘాటు వాసన పలచబడుతూ ఉండగా, ఆమె తన సంగతి చెప్పింది.

తండ్రి చెంగల్రాయుడిది బజారులో గాజుల అంగడి. ఎదిగే పిల్లల చేతులు, ఎండిపోయిన చేతులు, సబ్బు నురగతో గాజు ఎక్కించుకునే చేతులు చూస్తూ పెరిగింది మాలతి. మనిషి మొహం మర్చిపోయినా చెయ్యి మర్చిపోదట. ఆ అంగడి పక్కనే పార్లర్ పెట్టుకుంది. బెంగళూరులో పదిహేను రోజులుండి గోళ్ళు అతికించడం నేర్చుకుంది. ఈ చుట్టుపక్కల అప్పటికి ఆ పని తెలిసినవాళ్ళు లేరు. పార్లర్ గోడకు మంచి ఫోటో ఒకటి పెట్టాలని కోరిక.

ఆ ఫోటోకు దొరికిన పిల్ల గంగాదేవి.

పుంగనూరుకు ఆనుకున్న పల్లెలో ఆవులు మేపే ఇంటి పిల్ల. ఆరేళ్ళ కిందట కుప్పం అవతల, అలాగే ఆవుల మీద బతికే ఇంటికి ఇచ్చారు. పెళ్ళికి అలంకరణ మాలతిదే. గోళ్ళు వద్దనే అంది గంగాదేవి. రేపు పొద్దున అత్తగారింట్లో పాలు పిండాలక్కా, అడ్డం రావా అని అడిగింది. ఆ ఇంటి ఆనవాయితీ అది. కొత్త కోడలు మొదటి పొద్దున తన చేత్తో పాలు పిండి, ఆ పాలతోనే పరమాన్నం వండాలి. ఆవుకు ఆ చెయ్యి తెలియాలి. కోడలు ఇంట్లోకి రావడం అంటే వాళ్ళకు అదే.

అంగట్లో పుట్టిన మాలతికి ఆవుల కొట్టం సంగతులు తెలియవు. మొన్ననే పెండ్లైన పిల్లచేత ఎవరైనా పాలు పిండిస్తారా, ఊరికే మాటవరసకు అనుంటారు అని కొట్టిపారేసింది. మూడోనాడు పుట్టింటికి వస్తావు కదా, అప్పుడు నేనే తీస్తానని మాటిచ్చింది. పది గోళ్ళూ అతికించింది. లేత గులాబీ రంగు. గంగాదేవి ఆ చేతుల్ని మొహం ముందు పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుందట. మాలతి ఫోటో తీసింది.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. మాలతి మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో ఇంకో పెళ్ళికూతురికి జడ వేస్తోంది. ముహూర్తం దగ్గర పడింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. గంగాదేవి గొంతు తగ్గించి, కొట్టం లోంచి మాట్లాడుతోంది. గోరు చన్నుకు గీసుకుని ఆవు తన్నిందట. బకెట్టు దొర్లిపోయిందట. బయట అందరూ నిలబడి ఉన్నారు. ఇప్పుడే తీసేయాలి, ఎట్లక్కా.

ఇక్కడ మాలతి ఆగింది. సుప్రియ వేళ్ళ వైపు చూసి, ఇంకా పది నిమిషాలుందని చెప్పింది. నా వైపు తిరిగింది.

"అంచు కింద పిన్ను దూర్చి ఎత్తు, వచ్చేస్తాయి అని చెప్పినా. అంతే. ఫోన్ పెట్టేసినా. అరగంట నానబెట్టాలని నాకు తెలుసు కదమ్మా. ఈ పొద్దుకు మీ అత్తను పిండమను, మధ్యాన్నానికి బస్సెక్కి నేనే వస్తా అని చెప్పుంటే? ఆ మాటకు ఎంతసేపు పడతాది? జడలో ఇంగ నాలుగు పూలు పెట్టేంత సేపు."

గంగాదేవి ఎత్తింది. అతికించిన గోళ్ళతో పాటు అసలు గోళ్ళ పొరలూ లేచి వచ్చాయి. కుడి బొటనవేలిది మొదలంటా. ఆ వేళ్ళతోనే వెళ్ళి పాలు పిండింది. పేడలోనూ తడిలోనూ పని, వేలికి చీము పట్టింది. తగ్గడానికి రెండు నెలలు పట్టింది. తొమ్మిది గోళ్ళు మళ్ళీ బాగానే వచ్చాయి. బొటనవేలిది మాత్రం మందంగా, మధ్యలో గీత పడి, రెండు ముక్కలుగా పెరుగుతుంది. నాలుగు ధారలు తీసేసరికి వేలు సలుపుతుంది.

గోళ్ళు ఎలాగూ తీసేసుకుని ఉంటుందిలే అని, మూడోనాడు గంగాదేవి రాకపోయినా మాలతి పట్టించుకోలేదు. ఇదంతా ఆమెకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. గంగాదేవి తల్లి కుప్పమ్మ గాజులకని అంగడికి వచ్చింది. మా పిల్ల ఓపిక లేక తనంతట తనే పీక్కునిందంట అని చెప్పి బాధపడింది. కుప్పమ్మ చేతికి కొలత చూస్తున్న మాలతి తల ఎత్తలేదు. పిన్నుతో ఎత్తమన్నది మాలతి అని గంగాదేవి ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. అప్పుడే చెప్పేయాల్సింది. గాజులు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ రోజే పార్లర్ గోడ మీది ఫోటో తీసేసింది. గోళ్ళు అతికించడం మానేసింది. తీయడం మాత్రం చేస్తుంది, ఎవరు ఎక్కడ పెట్టించుకున్నా సరే. తమ్ముడు మురళీధర్ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మా అక్కది వింత అంగడి, సరుకు అమ్మదు, వచ్చిన సరుకును వెనక్కి పంపిస్తాది అంటాడు. ఫోన్‌లో ఎవరైనా అడిగితే ముందు కూర్చోమంటుంది. కూర్చున్నామని వాళ్ళు చెప్పాకే మాట్లాడుతుంది.

కుప్పం వెళ్ళడానికి ఇంకో ఏడాది పట్టింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళింది. గంగాదేవి అత్త మునిరత్నమ్మ చెడ్డ మనిషి కాదు. చాప వేసింది, చిక్కటి కాఫీ ఇప్పించింది. మాటల మధ్యలో, మా కోడలు బంగారమే గానీ ఓపిక ఒకటి తక్కువ, అందుకే ఈనే ఆవు దగ్గరికి దాన్ని పంపను, చిన్న కోడల్నే పంపిస్తాను అని మామూలుగా అనేసింది. గంగాదేవి పక్కనే ఉంది. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆవులు ఈనుతుంటే పుంగనూరు పల్లెలో చిన్నప్పుడే రెండు చేతులూ పెట్టి దూడను లాగిన పిల్ల అది.

మాలతి నోరు తెరిచింది. లోపలి గుమ్మంలోంచి గంగాదేవి తల అడ్డంగా ఊపింది.

బస్సు దాకా ఇద్దరూ నడిచారు. గ్రానైటు లారీ ఒకటి వెళ్ళి దుమ్ము లేపితే, అది అణగేదాకా రోడ్డు పక్కన నిలబడ్డారు. నా పేరు యాల చెప్పలేదని మాలతి అడిగింది.

"నీ పేరు చెప్పుంటే, పెండ్లిలో నువ్వు చేసిందంతా తప్పే అనుందురు," అంది గంగాదేవి. "ఆ పొద్దు నేను బాగుండాను కదక్కా. దాన్ని ఎవురూ ఏమీ అనకూడదనుకున్నా."

ఇప్పుడైనా చెప్తానంది మాలతి.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు చెప్తే ఓపిక లేనిదన్న పేరు పోయి అబద్ధాలాడేదన్న పేరు వస్తాది. మొదటిదానికి అలవాటు పడిపోయినా."

బస్సు వచ్చింది. మాలతి ఎక్కింది. పలమనేరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, ఏం చూశానో తెలియదంది.

అరగంట అయింది. మాలతి బొటనవేలి ఫాయిల్ విప్పింది. గోరు తడిసిన అప్పడంలా మెత్తబడి ఉంది. చెక్క పుల్లతో నెట్టింది, నొక్కలేదు. చాలాభాగం దానంతటదే జారింది. ఉంగరం వేలిది రాలేదు. సుప్రియ గీకబోతుంటే మాలతి ఆమె చెయ్యి పట్టుకుంది. రానిదాన్ని గీకకూడదని, మళ్ళీ దూది చుట్టి ఇంకో పది నిమిషాలు కూర్చోమని చెప్పింది. కూర్చున్నాం. ఎడమచేతివి సుప్రియ తీసుకుంది. ఒక్కో గోరూ వదులుతుంటే చిన్నపిల్లలా నా వైపు చూసింది. తెల్లమచ్చ ఉన్న గోరు దగ్గర మాలతి ఇంకా ముందుకు వంగింది. అది పొర లేవకుండానే వచ్చింది.

చేతులు సబ్బుతో కడిగించి కొబ్బరినూనె రాసింది. కొన్నాళ్ళు ఏ రంగూ వేయొద్దంది. గోరు ఆకుపచ్చగా మారినా, నొప్పి పెట్టినా డాక్టరుకు చూపించమంది. సుప్రియ చెప్పులు వేసుకుంటుండగా, కుప్పం మళ్ళీ వెళ్ళారా అని అడిగాను.

నెలకోసారి వెళ్తుందట. పండ్లు తీసుకెళ్ళి, చుట్టం చూపుగా వచ్చినట్టు కూర్చుంటుందట. గంగాదేవి బొటనవేలిని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మందంగా పెరిగినదాన్ని ఆకురాయితో పలచన చేసి, నూనె రాసి వస్తుందట. నొప్పి తగ్గిందా ఆ అమ్మాయికి అన్నాను.

మాలతి సీసా మూత బిగించింది. బిగిసిన తర్వాత కూడా తిప్పుతూనే ఉంది.

"నొప్పేమీ లేదంటాదమ్మా. నేను వేలు పట్టుకోంగానే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటాది."