సముద్రం అడుగున పెళ్లిబాజా

ఆటోనగర్‌లో అమలమ్మ షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కాలవల్లో తిరిగే ఆవిరి పడవలకు బాయిలరు చెడితే అక్కడికే తెస్తారు. ఆమె గుణదల నుంచి పొద్దున్నే మోపెడ్ మీద వచ్చి, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని పనిలో దిగుతుంది. యాభై దాటాక ఆమెకొక సరదా పుట్టింది. పాత పడవల ఇత్తడి రేకులతో, నీళ్ల అడుగున ఆరు కాళ్ల మీద నడిచే బండి ఒకటి కట్టింది. దానికి పీత అని పేరు పెట్టింది. ఒడ్డున బాయిలరు కాచి దాని డ్రమ్ములో ఆవిరి నింపాలి. ఆ ఆవిరి ఉన్నంతసేపే నడుస్తుంది.

"దీంతో ఏం చేస్తావే?" అన్నాడు భర్త బాలశౌరి.

"నీళ్ల కింద ఎట్టా ఉంటదో చూసొస్తా" అంది.

కిందటేడు మాఘంలో పామర్రు దగ్గర ఒక పెళ్లి జరిగింది. అందరూ భోజనాల దగ్గర ఉండగా, కాలవ గట్టున కట్టేసిన పడవ మీంచి ఆవిరి బాజా మాయమైంది. ఆవిరి ఊదితే సన్నాయిలా పాడే పెద్ద ఇత్తడి గొట్టాల వాయిద్యం అది. పడవలవాళ్లందరి ఉమ్మడి సొత్తు. వాళ్లంతా వెళ్లి గవర్నర్‌పేటలో డిటెక్టివ్ ఆఫీసు నడిపే రామతులసిని పిలుచుకొచ్చారు. అప్పటిదాకా ఆమె పట్టుకున్నవల్లా పెళ్లికొడుకులు చెప్పే అబద్ధాలే. అయినా గట్టు వెంట ఆరా తీసుకుంటూ పోయింది. లాకుల దగ్గర ఒకాయన, ఇసుక పడవ వెనకాలే నీళ్లలో బుడగలు పోవడం చూశానన్నాడు. బందరు జాలర్లు సముద్రంలోనూ అలాంటి బుడగలే చూశామన్నారు.

రామతులసి తిన్నగా ఆటోనగర్ వచ్చింది.

"అమలమ్మ గారూ, దొంగలు నీళ్ల కింద నుంచి పోయారండీ. మీ పీత కావాలి."

"తీసుకెళ్దాం. కానీ అది సముద్రంలో ఎప్పుడూ దిగలేదమ్మా."

"నాకు ఈత కూడా రాదండీ."

"ఈతెందుకు, మనం నడిచేగా పోయేది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

మర్నాడు పీతను లారీ మీద బందరు చేర్చి, మిట్టమధ్యాహ్నం నీళ్లలోకి దించారు. గాజు కిటికీ బయట నీళ్లు ముందు బురదగా, తర్వాత లేత ఆకుపచ్చగా మారాయి. రొయ్యల గుంపొకటి కిటికీకి తగిలి చెదిరిపోయింది. "అదిగో తులసీ, టేకు చేప! చాటంత రెక్కలు ఎట్టా ఆడిస్తందో చూడు!" అంటూ అమలమ్మ దొంగల సంగతే మరిచిపోయింది.

అంతలో ఎక్కడో సన్నాయి వినిపించింది.

"ఎవరికో తాళి కడతన్నారమ్మోయ్!" అంది అమలమ్మ.

పాట వచ్చేవైపు నడిపించారు. పాత బాయిలరుతో చేసిన, నీళ్ల కింద పోయే పడవొకటి బురదలో పడి ఉంది. దాని వెనక ఫ్యానుకు చిరిగిన వల చుట్టుకుంది. వీపు మీద కట్టిన ఆవిరి బాజా బుడగలు కక్కుతూ పాడుతోంది. లోపల ఇద్దరు మనుషులు కిటికీ గాజు బాదుతున్నారు. ఒకడిని అమలమ్మ గుర్తుపట్టింది. ఒకప్పుడు పడవల్లో బొగ్గు వేసిన జక్కయ్య. బాజా ఇత్తడి అమ్ముకుందామని సముద్రం మీదుగా దాటిస్తూ ఆ పొద్దునే వలలో చిక్కుకున్నాడు. గాలి అయిపోతుంటే, ఎవరికైనా వినిపిస్తే చాలు, పట్టుబడినా ఫర్వాలేదనుకుని, మిగిలిన ఆవిరంతా బాజాలోకి వదిలాడు.

అమలమ్మ పీత అడుగు తలుపును వాళ్ల పైతలుపు మీద ఆనించి, రెండూ తెరిచింది. అతుకు సందులోంచి ఉప్పునీళ్లు మోకాలి దాకా వచ్చాయి. జక్కయ్యను కాలరు పట్టి పైకి లాగింది. రెండోవాణ్ణి రామతులసి లాగింది. తలుపు మూసేశారు. కానీ నలుగురి బరువుకు పీత కాళ్లు బురదలో దిగబడ్డాయి. వాటిని పీకడానికే ఆవిరంతా అయిపోయింది.

అమలమ్మ సీటు కింద నుంచి పొడవాటి ఇనప పిడి ఒకటి బయటికి లాగింది.

"చేత్తో తిప్పే మర ఉంది. పట్టండి అందరూ" అంది అమలమ్మ.

డిటెక్టివూ దొంగలూ ఒకే పిడి పట్టుకున్నారు. జక్కయ్య పడవ పాట అందుకున్నాడు. "హైలెస్సా" అన్నప్పుడల్లా పీత ఒక అడుగు వేసింది. చేతులు బొబ్బలెక్కి, గాలి బరువెక్కి, ఇక చాలదేమో అనుకుంటుండగా కిటికీలో ఎండ మెరిసింది. జాలర్లు తాళ్లేసి ఒడ్డుకు లాగారు.

ఒడ్డున ఒక జాలరి ఇంట్లో వేడివేడి చేపల పులుసు పెట్టారు.

"అక్కా, పోలీసులకు అన్నం తిన్నాక చెప్పవా?" అన్నాడు జక్కయ్య.

"తినండి, తినండి. నాకూ ఆకలి మండిపోతోంది" అంది రామతులసి.

మర్నాడు జాలర్లు ఆవిరి బాజాను వలేసి పైకి తెచ్చారు. దొంగలకు కొన్ని నెలలు శిక్ష పడింది. విడుదలై వచ్చాక జక్కయ్య అమలమ్మ షెడ్డులోనే పనికి కుదిరాడు. నలుగురు హాయిగా కూర్చునే బండి ఒకటి కడుతున్నారిప్పుడు. మొదటి షికారుకు బాలశౌరిని ఎక్కించాలని అమలమ్మ పట్టుదల. ఆయన మాత్రం రోజుకో సాకు చెబుతున్నాడు.