అత్త చదివిన సీరియల్

గుడ్ మార్నింగ్ పువ్వులూ, మెంతుల కషాయాలూ తప్ప మరేమీ రాని మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకావిడ ఉన్నట్టుండి ఒక ప్రశ్న పెట్టింది. "ఈ మధ్య మీరంతా ఏం చదువుతున్నారు? గొప్ప కోసం కాదు, సరదాకి, మనసు నెమ్మదించడానికి చదివేది చెప్పండి." అంతే, గ్రూపుకి పూనకం వచ్చింది. లెక్కల పరీక్షలో నా పేపరు చూసి రాసి గట్టెక్కిన మహానుభావుడు వేదాంతం చదువుతున్నాడట. బెంగళూరులో కూతురి దగ్గరుండే ఆవిడ ఇంగ్లీషు నవలలు చెవుల్లో పెట్టుకుని, వాకింగ్ చేస్తూ వింటోందట. ఒకడు మాత్రం పంచాంగం అన్నాడు. వాడొక్కడే నిజం చెప్పాడని నాకనిపించింది. నేనేమీ రాయలేదు. సిగ్గేసింది. పోస్టాఫీసులో ముద్రలు కొట్టి కొట్టి రిటైరై, ఆత్మకూరులో మా ఇంటి వసారాలో కూర్చుని ఈమధ్య నేను చదువుతున్నది వారపత్రికలోంచి చింపి కుట్టిన ఒక పాత సీరియల్.

దాని అందం కూడా చెబుతాను. పురికొసతో, దబ్బనం పెట్టి కుట్టిన పుస్తకం. వెనక అట్ట ఎవరిదో పెళ్ళిపత్రిక. ముందు అట్ట లేదు, మొదటి పేజీ ఎలుకల పాలైంది, కాబట్టి రాసిందెవరో కూడా తెలియదు. హీరోయిన్ ఏడ్చే చోటల్లా పక్కనే తలనూనె ప్రకటనలో ఇంకొక అమ్మాయి పళ్ళు కనిపించేలా నవ్వుతుంటుంది. ఉదయగిరిలో మా అత్త ఇంటి అటక దులిపినప్పుడు దొరికితే, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఆ దుమ్ముకి మా ఆయన సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. కథ గొప్పదేం కాదు. మద్రాసులో మేడ, మేడలో గయ్యాళి అత్తగారు, ఇంట్లోంచి గెంటేసిన కోడలు. అయినా మధ్యాహ్నం పూట ఒక భాగం చదివితే చాలు, ఒళ్ళు తేలికవుతుంది. చదువుతున్నంతసేపూ నాకు మా అత్త గొంతు వినిపిస్తూ ఉంటుంది.

అత్త అంటే మా నాయన చెల్లెలు. నాయన ఉద్యోగం ఆత్మకూరులో కాబట్టి మేమక్కడ పెరిగాం గానీ, వేసవి సెలవులన్నీ ఉదయగిరిలో అవ్వ దగ్గరే. అక్కడ కొండ కట్టెతో చెంచాలూ గరిటెలూ చెక్కుతారు. చెక్కే పని మా పక్కింటివాళ్ళది. ఆ ఇంటావిడని మేమంతా వాళ్ళ ఉర్దూలోనే ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఖాలా గంపెడు చెంచాలు తెచ్చి మా వసారాలో కుమ్మరించేది. అవ్వా, ఖాలా, నేనూ గరుకు కాయితంతో వాటిని రుద్ది నునుపు చేసేవాళ్ళం. అత్త మాత్రం ఒక్క చెంచా కూడా ముట్టుకునేది కాదు. ఆమె పని గోడకానుకుని, కాళ్ళు చాపుకుని, సీరియల్ పైకి చదవడం. చెయ్యి ఆగకుండా పనిచేయాలంటే చెవికి ఏదో ఒకటి పడుతూ ఉండాలని మా అవ్వ సిద్ధాంతం. కట్టెపొడి వాసన, అత్త గొంతు, మధ్యలో ఎక్కడ ఆపినా "ఊ, తర్వాత?" అనే అవ్వ గద్దింపు. నాకు సెలవులంటే ఇవే.

వీధికంతా వారపత్రిక ఒకటే. నెల్లూరు బస్సులో దిగగానే ముందు పాస్టరుగారింటికి వెళ్ళేది. పాస్టరమ్మగారు చదివాక మా ఇంటికి. అందరి చదువులూ అయ్యాక సీరియల్ పేజీలు చింపి దాచుకునే హక్కు మా అత్తది. మా అవ్వకి అక్షరం ముక్క రాదు. బైబిల్ వాక్యాలు మాత్రం ఎక్కడ మొదలుపెట్టినా చివరిదాకా ఒప్పజెప్పేది. ఆ సీరియల్లో హీరోయిన్ని అవ్వ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "మన పిల్ల" అనేది. పత్రిక గుమ్మంలోకి రావడం ఆలస్యం, "మన పిల్ల ఎట్టా ఉండాది మే?" అని అడిగేది, ఆ పిల్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టు.

ఆ ఏడు, అంటే నేను పదో తరగతి రాసిన ఏడు, మన పిల్లకి గుండెజబ్బు వచ్చింది. ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు. మా అవ్వ కొంగు సర్దుకుని లేచింది. "అయ్యగారూ, మన పిల్లకి గుండెజబ్బు వచ్చినాది. మద్రాసులో ఉండాది. మొగుడు పట్టించుకోడు. అత్తేమో బయటికి గెంటినాది. అందరూ దాని కోసం ప్రార్థన చెయ్యాల." సంఘమంతా మోకరించింది. ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. పాస్టరమ్మగారు మాత్రం తల ఎత్తి మా వైపు చూసింది, ఆమెకి తెలుసు కదా. నేనూ అత్తా ఒకరి చెయ్యి ఒకరం గిల్లుకుంటూ, నవ్వు రాకుండా ఉండటానికి మేం వేరే ప్రార్థన చేసుకున్నాం.

ఇంటికి రాగానే అత్త అందుకుంది. "అది కత మా! లేని మనిషికి ప్రార్థన ఏంది? నలుగురిలో నా తల తీసేసినావు." అవ్వ చెప్పులు విడుస్తూ, "కతయితే ఏందంట? ఏడస్తా ఉండాదా లేదా ఆ పిల్ల? కతో నిజమో దేవుడు చూసుకుంటాడులే, నువ్వు పొయ్యి ఎగెయ్యి" అనేసింది. సాయంత్రం ఖాలా కూడా ఈ సంగతి విని, "మేము కూడా దువా చేస్తాంలే అవ్వా" అంది. దాంతో మన పిల్లకి రెండు మతాల అండ దొరికింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అత్తని కలువాయి పక్క ఒక ఊరికి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే ట్రంకుపెట్టెతో వెనక్కి వచ్చేసింది. మామ ఇంకొకామెని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే అవ్వ "దానికి ఒంట్లో బాగలేదు, అందుకని ఈడుండాది" అని చెప్పేది. కన్నకూతురి కోసం గుడిలో లేచి నిలబడి ప్రార్థన అడగడానికి అవ్వకి నోరు రాలేదు. మన పిల్ల కోసమైతే వచ్చింది. ఇది నాకు అప్పుడు తట్టలేదు, పదహారేళ్ళ పిల్లకి ఏం తడుతుంది?

మర్నాడు పొద్దున పాస్టరుగారు బైబిల్ చంకన పెట్టుకుని ఇంటికే వచ్చేశారు. పాపం, ఆయన సీరియల్ చదివే మనిషి కాదు. "బిడ్డని మద్రాసు నుంచి తీసుకొచ్చినారా అమ్మా? ఏడుండాది?" అని అడిగారు. అవ్వ ఏమాత్రం తడుముకోకుండా లోపలికి వెళ్ళి వారపత్రిక తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "దీంట్లో ఉండాది అయ్యగారూ." ఆయన అందులో సీరియల్ బొమ్మనీ అవ్వనీ మార్చి మార్చి చూశారు. నవ్వుతారనో కోప్పడతారనో నేను కాచుక్కూర్చున్నాను. ఆయన రోటి దగ్గరున్న అత్త వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంట్లో బాధపడే బిడ్డని ఆదరించు" అని మాత్రం అన్నారు. ఎవరి ముందూ కంట తడిపెట్టని మా అత్త పచ్చడి రుబ్బడం ఆపి పైటతో మొహం తుడుచుకుంది. మిరపకాయల ఘాటు అనుకున్నాను.

తర్వాతి వారం పత్రికని పాస్టరమ్మగారు తనే తెచ్చింది. ఎప్పుడూ ఎవరిచేతనైనా పంపే మనిషి. గుమ్మంలోనే అత్తని పక్కకి పిలిచి, "కొంచెం చూసి చదువు మే" అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం యథాప్రకారం చెంచాలు కుమ్మరించారు, అత్త పేజీ తెరిచింది. నేను భుజం పక్కనే ఉన్నాను, అచ్చు నాకూ కనిపిస్తోంది. మూడో పేరాలో మన పిల్ల చచ్చిపోయింది. ఆస్పత్రి మంచం, తెల్లదుప్పటి, అంతా స్పష్టంగా ఉంది. అత్త ఆ పేరా దాకా వచ్చి ఒక్కసారి గొంతు సవరించుకుంది. "అంతలో పెద్ద డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది" అని చదివింది. పేజీలో ఏ డాక్టరమ్మా లేదు. అత్త కళ్ళు అచ్చు మీదే ఉన్నాయి, వేలు వరసల వెంట జరుగుతోంది, నోరు మాత్రం సూదిమందు వేయించి, మన పిల్ల చేత కళ్ళు తెరిపించింది. నా చేతిలో చెంచా అట్టాగే నిలిచిపోయింది. అవ్వ "స్తోత్రం!" అని కేకేసింది. ఖాలా దోసిలి పైకెత్తింది. అత్త నా వైపు చూడలేదు, కాలి బొటనవేలితో నా పాదాన్ని నొక్కింది.

ఆ ఆదివారం అవ్వ గుడిలో సాక్ష్యం చెప్పింది, మన పిల్ల బతికిందని. సంఘమంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది, చచ్చిపోయిందని కళ్ళారా చదివిన పాస్టరమ్మగారే. అంతటితో ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం ఆమె కూడా మా వసారాకి వచ్చి ఒక చెంచా చేతిలోకి తీసుకుని, "ఊ, తర్వాతేమైనాది?" అని కూర్చుంది.

పత్రికలో ఆ సీరియల్ అయిపోయి, ఇంకో కొత్తది మొదలైంది. అత్త మాత్రం ప్రతివారం ఆ పేజీ తెరిచి మన పిల్ల కథే చదివేది. నెల్లూరు దాటి ఎరగని మా అత్తకి మద్రాసు మేడ ఎంతకాలం నిలుస్తుంది? మన పిల్ల మెల్లగా మావైపుకి జరిగింది. దుత్తలూరులో బస్సు మారింది. సోమశిలలో డ్యాం పనివాళ్ళ పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. వేరుశనక్కాయలు వలిచింది. మేడలో వజ్రాల ముక్కుపుడక పెట్టుకుని తిరిగిన ఆ గయ్యాళి అత్తగారికి మోకాళ్ళనొప్పులు పట్టుకున్నాయి, అచ్చం మా అవ్వ రాసుకునే తైలమే ఆమె కూడా రాసుకుంది. అవ్వకి అనుమానం రాలేదు. వచ్చినా అడిగే మనిషి కాదు. నాకు మాత్రం అంత మంచి కథ అంతకుముందూ తర్వాతా ఎవరూ చెప్పలేదు. సెలవుల చివరి మధ్యాహ్నం, మన పిల్ల మొగుడు సోమశిలకి వచ్చి తలుపు కొట్టాడు, ఇంటికి రమ్మని. సరిగ్గా అక్కడ అత్త పేజీ మూసేసింది. నేను మర్నాడు పొద్దున ఆత్మకూరు బస్సెక్కేశాను.

ఆ తర్వాత కాలేజీ, పెళ్ళి, పిల్లలు. వెళ్ళినప్పుడల్లా అడగాలనుకునేదాన్ని. ఎప్పుడూ ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారు, సందర్భం ఉండేది కాదు. మామ నిజంగానే ఆ వేసవి చివర్లో మనిషిని పంపాడనీ, అత్త వెళ్ళలేదనీ, మిషన్ హాస్టల్లో ఆడపిల్లలకి వార్డెనుగా చేరిందనీ ఇంట్లో మాటల మధ్య తెలిసింది. అవ్వ పోయింది. ఖాలా పోయింది. ఇప్పుడు నా దగ్గరున్న కుట్టుపుస్తకం చివరి భాగంలో ఆ తెల్లదుప్పటితో ఆగిపోతుంది. చదివిన ప్రతిసారీ అక్కడికి రాగానే పుస్తకం మూస్తాను. నాకు కావలసింది దాని తర్వాతది. అది ఏ గ్రంథాలయంలోనూ లేదు, ఒక్క మనిషి దగ్గర తప్ప. ఆ మనిషికి డెబ్బై దాటింది, చూపు మసకబారింది, మొన్నొకసారి నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచింది. ఆలస్యం చేస్తే ఇక దొరకదని భయం వేసింది.

గ్రూపులో ప్రశ్న వచ్చిన మర్నాడే ఉదయగిరి బస్సెక్కాను. అత్త వసారాలోనే ఉంది. కాఫీ అయ్యాక పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో కుట్టు తడిమి, "నా దబ్బనం కుట్టే ఇది" అంది. ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్నది అడిగేశాను. "అత్తా, ఆ రోజు మొగుడొచ్చి తలుపు కొట్టినాడు గదా. మన పిల్ల తీసినాదా?"

అత్త నవ్వలేదు. "నువ్వు బస్సెక్కి పొయినాక, పై వారం నాకేమీ తోచలా మే. పేజీ తీసినాను, తలుపు కాడ ఆగిపోయినాను. తియ్యమనాల్నో వద్దనాల్నో నాకే తెలవదు. మీ మామ పంపిన మనిషి అప్పటికే మన పంచలో కూర్చోనుండాడు. మీ అవ్వ చెంచా కింద పెట్టి నా మొహంలోకి చూసినాది. 'మంచినీళ్ళిచ్చి పంపించెయ్యమను' అనింది."

ఏడ్చాను, ఏమనుకుంటే అనుకోనీ అని అత్త పక్కనే కూర్చుని ఏడ్చాను. అత్త తన పైటకొంగు నాకందించింది. కళ్ళు తుడుచుకుని, "తర్వాత?" అన్నాను, మా అవ్వలాగే.

"తర్వాతేంది, మీ అవ్వ ఉన్నన్నాళ్ళూ చదవతానే ఉన్నా. ఆమె పొయినాక నిలిపేసినా. వినే మొహం లేకుండా యాడ చెప్పేది?"

"అయితే ఇప్పుడు మన పిల్ల ఎట్టా ఉండాది అత్తా?"

అత్త మసక కళ్ళతో వీధి వైపు చూసింది. "దానికి మాత్రం డెబ్బై రావా? నా ఈడుదే గదా. మోకాళ్ళు పట్టేసుంటాయి. అయినా బాగానే ఉండాదిలే."

అత్త ఒళ్ళో ఉన్న పుస్తకంలో ఆ పిల్ల పాతికేళ్ళకే పోయింది. మా అత్త పెంచిన పిల్ల మాతోపాటే ఇన్నేళ్ళూ నడిచి ముసలిదైంది, అత్త ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.