కూర అడిగి పాఠం చెప్పిన మేడం

పాఠకులకు నమస్కారం. నా చేతిరాత బాగుండదు, తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో నేర్చినంతే నా చదువు. అచ్చువేసేవారు సరిచేస్తారని ధైర్యం చేశాను. మా పక్కింట్లో కిరాయికుండే మేడం పోయిన వారం చనిపోయింది. పొద్దున వాకిలి ఊడుస్తూ కూలబడింది. చౌటుప్పల్ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. నా బిడ్డ ఈడుది.

ఇంట్లో ఉండి డిగ్రీ చదివే ఆన్‌లైన్ కోర్సు ఒకటుంది. చేరినవాళ్లు మధ్యలో మానకుండా ఫోన్లు చేసి చూసుకోవడం ఆమె నౌకరి. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసే మా కోడలు ఆమె మాట మీదే చేరింది. మా ఇంట్లో అంత చదువు ఎవరికీ లేదు.

కంపెనీలో పనికాడికి ఫోన్ తీసుకుపోనివ్వరు. మా కోడలూ, తోటి ఆడపిల్లలూ క్లాసు పెట్టి, ఫోన్‌ను సద్ది సంచిలో వదిలి పోయేవాళ్లు. క్లాసు నడుస్తుంటే చాలు, హాజరు పడేది. యూనివర్సిటీకి అంతకుమించి అక్కర లేదు. మేడం మాత్రం కనిపెట్టింది.

"ఫోన్లన్నీ క్లాసుకొచ్చినయి కాకా. మనుషులే రాలే" అన్నది నాతో.

అప్పటినుంచి ఆమె పొద్దుగూకినంక, వంట వేళకు ఫోన్ చేసేది. వేరే ఊళ్ల పిల్లలనూ అదే ఫోన్‌లో కలిపేది. గోడ అవతల ఆమె గొంతు, ఇవతల మా కోడలి ఫోన్‌లో అదే గొంతు. ఒక్కో మాట నాకు రెండుసార్లు వినపడేది. మొదట పాఠం ఎత్తేది కాదు. "ఏం కూర?" అనేది. ఒకామె పచ్చిపులుసు అంటే, ఇంకొకామె వండలేదనేది. వండలేదన్నామె దగ్గర ఆగేది. పిల్లకు జ్వరమనో, మొగడు కొట్లాడాడనో అప్పుడు బయటపడేది. పాఠం ఆ తర్వాతే.

"గట్లెందుకు?" అని ఒకనాడు అడిగాను.

"మొదాలే పాఠం అడిగితె ఫోనెత్తరు కాకా. చదువు మానేటోళ్లకు సిగ్గెక్కువ."

సిగ్గంటే నాకు తెలుసు.

మా ముసలామె కోడలిని ఎగతాళి చేసేది. "నువ్వు కోస్తాంటె ఆమె చెప్తాంది. నీకంటె ముందుగాల ఉల్లిగడ్డకే డిగ్రీ వచ్చేటట్టున్నది."

"రానీయ్ చిన్నమ్మా, దాంతోని గూడ పరీక్ష రాపిద్దాం" అని ఫోన్‌లోంచి మేడం.

ఒకరోజు ఆమె పైసారు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే గోడలోంచి విన్నాను. "ఒక్కొక్కరితో అంతసేపు ఏంటి మేడం? నాలుగు మాటల్లో తేల్చాలి."

"నాలుగు మాటలకు ఉప్పెంత ఏసిర్రో గూడ చెప్పరు సార్" అన్నది.

నెల తిరక్కముందే ఆమెను తీసేశారు. ఆమె బదులు మెషిన్ ఫోన్ చేస్తుందన్నారు. మేడం ట్యూషన్లు చెప్పుకుంటూ బతికింది, వంట వేళ ఫోన్ మాత్రం ఆపలేదు. ఆ పిల్లలంతా చివరి ఏడాదికి వచ్చారు. అదంతా మెషిన్ గొప్పతనమని ఆ సారు సభలో చెప్పి శాలువా కప్పించుకున్నాడు. ఆ వీడియో మా కోడలే చూపించింది. మేడం కూడా చూసిందట. ఆ పొద్దు కూడా వంట వేళకు ఫోన్ చేసి ఏం కూర అనే అడిగింది.

ఆమె పోయిననాడు సారు పిల్లల ఫోన్ గ్రూపులో పూలబొమ్మ పెట్టాడు. దాని కిందనే పరీక్ష ఫీజు గడువు పెట్టాడు. పిల్లలు రెండింటికీ దండం గుర్తు పెట్టారు. మట్టి వేయడానికి మాత్రం ఆ ఆఫీసునుంచి ఎవ్వరూ రాలేదు.

ఇంకొక్క విడత పరీక్షలు రాస్తే మా కోడలి డిగ్రీ అయిపోతుంది. ఆమె ఫీజు కట్టలేదు.

"పాసైతె ఎవ్వరికి చెప్పాలె మామా?" అన్నది.

"నాకు చెప్పు బిడ్డా."

"నీకేం సమజైతది?" అన్నది. కోపంగా కాదు. నిజమే, నాకు తెలియదు.

నిన్న మెషిన్ ఫోన్ వచ్చింది. పాఠం చూడలేదని, చదువు కొనసాగిస్తామంటే ఒకటి నొక్కమని చెప్పింది. రొట్టెలు చేస్తున్న మా కోడలు పిండి చేత్తోనే ఒకటి నొక్కింది. ధన్యవాదాలు అని ఫోన్ ఆగిపోయింది. ఆమె దాన్ని చెవికాడినుంచి తీయలేదు. పెనం మీద రొట్టె మాడుతుంటే నేనే లేచి తిప్పాను.

ఆ మేడం పట్టుకుంటే గట్టెక్కినవాళ్లు మీలో ఉంటే, ఈ పత్రిక పేరుమీద మా కోడలికి రెండు ముక్కలు రాయండి. నా మాట ఆమెకు ఆనదు. ఫీజు గడువు దాటినంక వచ్చే జాబు మాకు అక్కరకు రాదు, జర తొందరగా రాయండి.